పాత మ్యూజిక్ ప్లేయర్‌లో దారిలోనే పోతున్న బేస్‌ను హెడ్‌ఫోన్ దాకా తేవడం

2000 తర్వాతి అయిదారేళ్లలో వచ్చిన మ్యూజిక్ ప్లేయర్లలో చాలావాటికి బేస్ పలచన. బేస్ గిటార్ నడక సగమే వినిపిస్తుంది, తబలా డగ్గా గుమకం రాకుండా దెబ్బ చప్పుడు మాత్రమే వస్తుంది. జనం హెడ్‌ఫోన్‌ని తిట్టుకుంటారు, ఫైలుని అనుమానిస్తారు, ఈక్వలైజర్‌లో బేస్ బూస్ట్ పెట్టి పాట చిట్లిపోతుంటే విసుక్కుంటారు. చాలాసార్లు అసలు కారణం బోర్డు మీద, హెడ్‌ఫోన్ జాక్‌కి ముందు కూర్చున్న రెండు చిన్న కెపాసిటర్లు. ఎడమ చానెల్‌కి ఒకటి, కుడికి ఒకటి. వాటి సామర్థ్యం చాలకపోతే చిప్ నుంచి నిండుగా బయల్దేరిన బేస్ జాక్ దగ్గరికి వచ్చేసరికి తరిగిపోతుంది. కాబట్టి చేయాల్సిన పని బేస్‌ను కృత్రిమంగా పెంచడం కాదు, పోతున్నదాన్ని పోకుండా ఆపడం. ఈ తేడా మనసులో ఉంచుకుంటే కింద చెప్పే ప్రతి నిర్ణయానికీ కారణం అర్థమవుతుంది.

ఉదాహరణగా ఐపాడ్ మినీని తీసుకుంటున్నాను. 2004లో వచ్చిన ఈ ప్లేయర్ ఇప్పటికీ పాత సామాన్ల మార్కెట్లో దొరుకుతుంది, జిగురు తీస్తే శుభ్రంగా విడివడుతుంది, లోపలి మైక్రోడ్రైవ్ (బుల్లి హార్డ్ డిస్కు) తీసి కాంపాక్ట్ ఫ్లాష్ మెమరీ కార్డు పెట్టుకోవచ్చు. ఆ కార్డు సంగతి మన పనికి ఎందుకు ఉపయోగమో తర్వాత చెబుతాను. మీ దగ్గర వేరే ప్లేయర్ ఉన్నా పద్ధతి ఇదే. అయితే మీ ప్లేయర్‌కి ఈ జబ్బు ఉందా లేదా అన్నది మోడల్ పేరు చూసి కాదు, కొలిచి తేల్చుకోవాలి.

బేస్ ఎక్కడ తరుగుతోంది

బ్యాటరీ మీద నడిచే ఈ ప్లేయర్లలో ఆడియో చిప్‌కి ప్లస్ వోల్టేజీ ఒక్కటే ఉంటుంది, మైనస్ ఉండదు. అందుకని ధ్వని తరంగం సున్నా చుట్టూ కాకుండా సప్లైలో సగం చుట్టూ ఊగుతుంది. సప్లై 3 వోల్టులైతే పాట లేనప్పుడు కూడా చిప్ అవుట్‌పుట్ కాలు మీద 1.5 వోల్టుల డీసీ, అంటే ఊగకుండా ఒకేలా ఉండే వోల్టేజీ, నిలబడి ఉంటుంది. అది నేరుగా 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి చేరితే కాయిల్ గుండా ఎడతెగకుండా 47 మిల్లీఆంపియర్లు పారుతాయి. 70 మిల్లీవాట్ల వేడి పుడుతుంది, డయాఫ్రం ఒక పక్కకి నెట్టుకుని ఉండిపోతుంది, బ్యాటరీ కరిగిపోతుంది. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ అయితే కరెంటు దానికి రెండింతలు. దీన్ని ఆపడానికే ఆ కెపాసిటర్. "కెపాసిటర్ తీసేసి వైరు వేసేస్తే పోలా" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బేస్ వస్తుంది, కొన్నాళ్లకి హెడ్‌ఫోన్ పోతుంది.

కెపాసిటర్ డీసీని ఆపి ఏసీని, అంటే ఊగే ధ్వని తరంగాన్ని, వదులుతుంది. కానీ అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒకేలా వదలదు. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ దాని అడ్డు పెరుగుతుంది. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌తో (ఓమ్‌లలో చెప్పే దాని అడ్డుతో) కలిసి అదొక ఫిల్టర్ అవుతుంది. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ధ్వని 3 డెసిబెల్స్ పడిపోతుందో దాన్ని కట్ఆఫ్ అంటారు. లెక్క తేలిక: 1,59,155ని హెడ్‌ఫోన్ ఓమ్‌లతోనూ, కెపాసిటర్ సామర్థ్యాన్ని చెప్పే మైక్రోఫారడ్‌లతోనూ భాగించండి. జవాబు హెర్ట్జ్‌లలో వస్తుంది.

- 100 మైక్రోఫారడ్, 32 ఓమ్‌లు: సుమారు 50 హెర్ట్జ్
- 100 మైక్రోఫారడ్, 16 ఓమ్‌లు: సుమారు 100 హెర్ట్జ్
- 47 మైక్రోఫారడ్, 16 ఓమ్‌లు: 210 హెర్ట్జ్ పైనే
- 220 మైక్రోఫారడ్, 32 ఓమ్‌లు: సుమారు 23 హెర్ట్జ్
- 100 మైక్రోఫారడ్, 300 ఓమ్‌లు: సుమారు 5 హెర్ట్జ్

కట్ఆఫ్‌కి కింద, ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ ధ్వని దాదాపు 6 డెసిబెల్స్ చొప్పున పడుతూ పోతుంది. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది స్వరం సుమారు 41 హెర్ట్జ్. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లో ఆ స్వరం దాదాపు 4 డెసిబెల్స్ కోల్పోతుంది, 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌లో 8 డెసిబెల్స్ పైనే. ఒకే ప్లేయర్‌కి ఒక హెడ్‌ఫోన్ పెడితే పాట నిండుగా, ఇంకొకటి పెడితే డొల్లగా వినిపించడం వెనక ఉన్న రహస్యం ఇదే. పైగా అప్పట్లో తక్కువ వోల్టేజీతోనే గట్టిగా మోగాలని ఇయర్‌ఫోన్లని 16 ఓమ్‌లకి దించారు, ప్లేయర్ సన్నగా ఉండాలని కెపాసిటర్లని చిన్నవి చేశారు. రెండూ కలిసి దెబ్బ తీసింది బేస్‌నే.

తర్వాతి కాలపు చిప్‌లు లోపలే మైనస్ వోల్టేజీని తయారుచేసుకోవడం మొదలుపెట్టాక ఈ కెపాసిటర్ల అవసరం పోయింది. మధ్యలో ఇంకో రకం వచ్చింది. అందులో మామూలుగా సున్నా వోల్టుల దగ్గర ఉండే జాక్ గ్రౌండ్ కాలునే 1.5 వోల్టుల దగ్గర నిలబెడతారు, కెపాసిటర్ ఉండదు. ఈ రెండు రకాల ప్లేయర్లలోనూ ఇక్కడ చెప్పే మార్పు వల్ల లాభం లేదు.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు

మొదట ఈక్వలైజర్ ఆపేయండి. చెవిలోపలికి పోయే ఇయర్‌ఫోన్ అయితే రబ్బరు టిప్ మీ చెవి రంధ్రానికి సరిగ్గా బిగుసుకుంటోందో లేదో చూడండి. టిప్ పక్కన సందు ఉంటే పోయే బేస్, కెపాసిటర్ వల్ల పోయేదానికంటే చాలా ఎక్కువ. ఒక సైజు పెద్ద టిప్‌తో సమస్య తీరిపోతే ప్లేయర్ జోలికి పోనక్కర్లేదు. చెవి బయట ఆనుకుని కూర్చునే పాతకాలపు ఇయర్‌బడ్స్ 40 హెర్ట్జ్‌ని ఎలాగూ సరిగ్గా పలకలేవు. వాటికోసం ఈ పని పెట్టుకోవద్దని నా సలహా. 16 నుంచి 32 ఓమ్‌ల మధ్య ఉన్న మంచి హెడ్‌ఫోన్ వాడేవాళ్లకే దీని ఫలితం నిజంగా దక్కుతుంది.

విప్పకుండానే కెపాసిటర్ విలువ కనిపెట్టడం

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. ప్లేయర్ మూత తెరవకుండానే లోపల ఎన్ని మైక్రోఫారడ్‌లు ఉన్నాయో చెప్పేయొచ్చు.

కావాల్సినవి: 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను ఒకటి, పావు వాట్ 33 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు, ఏసీ వోల్టేజీని 2 వోల్టుల రేంజిలోనో, మిల్లీవోల్టుల్లోనో చూపే మల్టీమీటర్. చవకైన పసుపు మీటర్లలో ఏసీకి అతి తక్కువ రేంజి 200 వోల్టులు. దాంతో ఈ కొలత కుదరదు. మీటర్ లేకపోతే స్టీరియో లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సౌండ్ ఎడిటర్ ఉంటే చాలు. ల్యాప్‌టాప్ మైక్ సాకెట్ మాత్రం వద్దు. అది మోనో, పైగా మైక్ కోసం దాని మీద డీసీ ఉంటుంది.

ఆడాసిటీలో జనరేట్ మెనూలోని టోన్‌తో సైన్ తరంగాలు తయారుచేయండి: 20, 30, 40, 60, 80, 100, 200, 400 హెర్ట్జ్. ఒక్కొక్కటి అర నిమిషం, యాంప్లిట్యూడ్ 0.25. డబ్ల్యూఏవీ ఫైళ్లుగా ప్లేయర్‌లోకి ఎక్కించండి. ఎంపీ3గా మార్చకండి. పిన్ను కొన నుంచి బాడీకి ఒక రెసిస్టర్, మధ్య రింగు నుంచి బాడీకి ఇంకో రెసిస్టర్ టంకం వేయండి. ఇప్పుడిది హెడ్‌ఫోన్ బదులు నిలబడే లోడ్.

ఇంకేమీ కొలవకముందు ఒక జాగ్రత్త. ప్లేయర్ ఆన్‌లో ఉండగా జాక్ గ్రౌండ్‌కీ, ప్లేయర్ మెటల్ బాడీకీ, లేదా డాక్ సాకెట్ (చార్జింగ్ కేబుల్ పెట్టే చోటు) గ్రౌండ్‌కీ మధ్య డీసీ చూడండి. ఒక వోల్టు పైన కనిపిస్తే మీది పైన చెప్పిన కెపాసిటర్ లేని రకం. దాన్ని కంప్యూటర్ సౌండ్ కార్డుకి కలపకండి, గ్రౌండ్లు రెండూ గుద్దుకుంటాయి. పని అక్కడితో ఆపేయొచ్చు.

డీసీ లేకపోతే ముందుకి. వాల్యూమ్‌ను సగానికి పెట్టండి, కొలత పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోకండి. లోడ్ పెట్టి 400 హెర్ట్జ్ వాయించి ఒక చానెల్ మీద ఏసీ వోల్టేజీ రాసుకోండి, తర్వాత 40 హెర్ట్జ్. 400ని మూలంగా ఎందుకు తీసుకున్నామంటే, మామూలు మల్టీమీటర్లు అంతకు పైన ఏసీని సరిగ్గా చూపవు.

లెక్క ఇలా. 400 హెర్ట్జ్ దగ్గర 100 మిల్లీవోల్టులు, 40 దగ్గర 64 వచ్చాయనుకుందాం. 100ని 64తో భాగించి, వర్గం చేసి, అందులోంచి 1 తీసేసి, వర్గమూలం కడితే 1.2. దాన్ని 40తో గుణిస్తే 48 హెర్ట్జ్. మీ కట్ఆఫ్ అదే. ఇప్పుడు 1,59,155ని 33తోనూ 48తోనూ భాగిస్తే 100. అంటే లోపల ఉన్నవి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్లు.

రెండో చానెల్‌కీ ఇదే చేయండి. రెండిటి మధ్య తేడా పెద్దగా ఉంటే ఒక కెపాసిటర్ వయసుతో చెడిపోయిందని అర్థం. సౌండ్ కార్డుతో కొలిచేవాళ్లు లోడ్ లేకుండా కూడా ఒకసారి రికార్డు చేసి, లోడ్‌తో వచ్చినదాన్ని దానితో పోల్చండి. కార్డు తన వంతుగా కోసేసే బేస్ రెండిట్లోనూ ఒకటే కాబట్టి లెక్కలోంచి కొట్టుకుపోతుంది. 400 హెర్ట్జ్ దగ్గర లోడ్ పెట్టినప్పుడూ తీసినప్పుడూ వోల్టేజీలో వచ్చే తేడా ప్లేయర్ అవుట్‌పుట్ రెసిస్టెన్స్‌ని చెబుతుంది. లోడ్ లేకుండా 105, లోడ్‌తో 100 వస్తే అది సుమారు ఒకటిన్నర ఓమ్. అంత చిన్న విలువైతే పట్టించుకోనక్కర్లేదు.

లోడ్ పెట్టినా 40 దగ్గరా 400 దగ్గరా దాదాపు ఒకే వోల్టేజీ వస్తే మీ ప్లేయర్ ఆరోగ్యంగా ఉంది. డబ్బు మంచి హెడ్‌ఫోన్ మీద పెట్టండి.

ఎంత పెంచాలి

సూత్రం ప్రకారం కట్ఆఫ్ 10 హెర్ట్జ్‌కి దిగితే 20 హెర్ట్జ్ దగ్గర నష్టం ఒక డెసిబెల్ మాత్రమే. 32 ఓమ్‌లకి దానికి సుమారు 500 మైక్రోఫారడ్‌లు కావాలి, 16 ఓమ్‌లకి 1000. ప్లేయర్ లోపల 1000 ఇరికించడం కష్టం, అంత అవసరమూ లేదు. ఉన్న 100కి ఇంకో 470 తోడైతే మొత్తం 570. అప్పుడు 41 హెర్ట్జ్ స్వరం 32 ఓమ్‌లలో పోగొట్టుకునేది 0.2 డెసిబెల్, 16 ఓమ్‌లలో ఒక డెసిబెల్‌కి లోపే. ఇంతకు మించి చేసినా చెవికి తెలియదు. అంతకంటే చిన్న చోటే దొరికితే 220 జోడించినా తేడా బాగా వినిపిస్తుంది.

తోడవడం అంటే పక్కపక్కన, ప్యారలల్‌గా. అప్పుడే విలువలు కలుస్తాయి. ఒకదాని తర్వాత ఒకటిగా, సిరీస్‌లో పెడితే మొత్తం విలువ రెండిట్లో చిన్నదానికంటే కూడా తగ్గిపోతుంది. హెడ్‌ఫోన్ వైరు మధ్యలో పెద్ద కెపాసిటర్ కలిపితే బేస్ పెరుగుతుందని నమ్మేవాళ్లున్నారు. అలా చేస్తే ఉన్న బేస్ కూడా ఇంకాస్త పోతుంది.

ఏ కెపాసిటర్ కొనాలి

మన పనికి సరిపోయేది పాలిమర్ టాంటలం, సర్ఫేస్ మౌంట్ (పొడుగు కాళ్లు లేకుండా బోర్డు మీదే అతికే) రకం, 470 మైక్రోఫారడ్, 6.3 వోల్టులు. పొడవు 7.3, వెడల్పు 4.3 మిల్లీమీటర్లుండే డీ సైజులో దొరుకుతుంది. ఎత్తు ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి డేటాషీట్ చూసి పొట్టిది ఎంచుకోండి. ఆన్‌లైన్‌లో సులువుగా వస్తుంది. నేరుగా చూసి కొనాలంటే హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్ ఉండనే ఉన్నాయి. కండెన్సర్ అని అడిగినా ఇదే ఇస్తారు, కానీ వోల్టేజీ తప్పకుండా చెప్పండి. పాత ల్యాప్‌టాప్ మదర్‌బోర్డుల్లో ప్రాసెసర్ చుట్టూ కనిపించే 330 మైక్రోఫారడ్ పాలిమర్ కెపాసిటర్లు చాలావరకు 2, 2.5 వోల్టులవి. వాటిని పీకి వాడాలనే ఆశ వద్దు, కనీసం 4 వోల్టుల రేటింగ్ ఉండాలి.

మామూలు అల్యూమినియం ఎలక్ట్రోలైటిక్ బాగానే పనిచేస్తుంది. దాని ఇబ్బంది అంతా లావే. సిరామిక్ కెపాసిటర్లు పెద్ద విలువల్లో చిన్నగా దొరుకుతాయి గానీ, వాటి మీద డీసీ పడగానే విలువ పడిపోతుంది, తరంగంతో పాటు విలువ మారుతూ కింది స్వరాల్లో డిస్టార్షన్ తెస్తాయి. ఈ చోటికి అవి పనికిరావు.

ఒక్క విషయం బాగా గుర్తుంచుకోండి. అల్యూమినియం కెపాసిటర్ మీద గీత ఉన్న వైపు మైనస్. టాంటలం మీద గీత ఉన్న వైపు ప్లస్. తిరగేసి పెట్టిన టాంటలం షార్ట్ అయి కాలిపోగలదు.

ఐపాడ్ మినీ తెరవడం

హోల్డ్ స్విచ్ వేయండి. పైనా కిందా ఉన్న తెల్ల ప్లాస్టిక్ మూతలు జిగురుతో అతికించి ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి, పలచటి ప్లాస్టిక్ పుల్లతో ఒక అంచు నుంచి మెల్లగా లేపండి. మెటల్ స్క్రూడ్రైవర్‌తో లేపితే అల్యూమినియం బాడీ అంచు నొక్కుకుపోతుంది.

పై మూత కింద జాక్‌కి అటూఇటూ రెండు చిన్న ఫిలిప్స్ స్క్రూలుంటాయి. కింది మూత లోపల మెటల్ క్లిప్ ఒకటి మూలల్లో బిగుసుకుని ఉంటుంది. దాని చేతుల్ని లోపలికి నొక్కి బయటికి తీయండి. అక్కడే క్లిక్ వీల్ (ముందువైపు వేలితో తిప్పే చక్రం) రిబ్బన్ కనెక్టర్ కనిపిస్తుంది, దాన్ని నిదానంగా ఊడదీయాలి. ఈ రిబ్బన్ తెగితే వీల్ పనిచేయదు, కాబట్టి ఈ ఒక్క చోట తొందర పనికిరాదు. ఇప్పుడు కింది నుంచి డాక్ సాకెట్‌ని వేలితో నెడితే బోర్డు, తెర, బ్యాటరీ అన్నీ కలిసి పైనుంచి జారుతూ వస్తాయి.

మొట్టమొదట బ్యాటరీ ప్లగ్ తీసేయండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని గుచ్చకుండా, వంచకుండా పక్కన పెట్టి కొత్తది తెప్పించుకోండి. పని ఆ తర్వాతే.

మైక్రోడ్రైవ్ సంగతి ఇక్కడ వస్తుంది. దాని మందం 5 మిల్లీమీటర్లు. అదే సాకెట్‌లో పట్టే మామూలు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు మందం 3.3. కార్డు మార్చుకుంటే 1.7 మిల్లీమీటర్ల పలచటి ఖాళీ మిగులుతుంది. ఎత్తు అంతకంటే తక్కువుండే పొట్టి కెపాసిటర్లకి అది చాలు. ఎక్కడెక్కడ ఎంత ఖాళీ ఉందో తెలుసుకోవడానికి, అనుమానమున్న చోట పలచటి ప్లాస్టిక్‌లో చుట్టిన పిల్లల క్లే ముద్దని పెట్టి, బోర్డుని బాడీలోకి తోసి మళ్లీ బయటికి తీయండి. క్లే ఎంత మందాన అణిగిందో కొలిస్తే మీ కెపాసిటర్ ఎత్తుకి హద్దు తెలిసిపోతుంది. బ్యాటరీ మీదకి మాత్రం ఏ భాగమూ ఒత్తుకోకూడదు.

ఆ రెండిటినీ గుర్తుపట్టడం

మల్టీమీటర్‌ని బీప్ వచ్చే రేంజిలో పెట్టండి. జాక్‌లో పిన్ను ఒకటి పెట్టి, దాని కొనకి కలిపిన వైరుకి మల్టీమీటర్ ఒక ప్రోబ్ తగిలించండి. రెండో ప్రోబ్‌తో జాక్ చుట్టుపక్కల ఉన్న పెద్ద కెపాసిటర్ల చివర్లు ఒక్కొక్కటీ తాకుతూ పోండి. ఒకేలా ఉన్న రెండు కెపాసిటర్లు పక్కపక్కన కనిపిస్తే ముందు వాటినే చూడండి. మధ్యలో చిన్న ఫెర్రైట్ బీడో, రెసిస్టరో ఉండొచ్చు కాబట్టి బీప్ రాలేదని వదిలేయకండి. ఓమ్‌ల రేంజిలో కొన్ని ఓమ్‌లే చూపిస్తే అదే దారి. మధ్య రింగుతో రెండో కెపాసిటర్‌నీ ఇలాగే పట్టుకోండి.

తర్వాత బ్యాటరీ, రిబ్బన్ తగిలించి, నిశ్శబ్దం రికార్డు చేసిన ఫైలు ఒకటి వాయిస్తూ డీసీ కొలవండి. కెపాసిటర్‌కి చిప్ వైపున సప్లైలో సగం, ఒకటిన్నర వోల్టు ప్రాంతంలో కనిపించాలి. జాక్ వైపున దాదాపు సున్నా. వోల్టేజీ ఉన్న వైపే ప్లస్. కొత్త కెపాసిటర్ ప్లస్ వెళ్లాల్సింది అక్కడికే. ఈ కొలత చేయకుండా పాత కెపాసిటర్ మీది గుర్తుని మాత్రమే నమ్మి ముందుకి పోకండి. ప్రోబ్ జారి పక్క కాలుకి తగలకుండా దాని కొనకి టేపు చుట్టి సూది మొనంత మాత్రమే వదలండి.

సోల్డరింగ్

పాత కెపాసిటర్లని పీకొద్దు. వాటి మీదే కొత్తవాటిని ప్యారలల్‌గా కలపాలి. పలు పొరల బోర్డు మీద సర్ఫేస్ మౌంట్ భాగాన్ని పీకితే కింద ఉన్న రాగి ప్యాడ్ లేచిపోయే ప్రమాదం ఎక్కువ, పైగా ఉన్న 100 మైక్రోఫారడ్‌లని పోగొట్టుకోవడం దేనికి? కొలతలో ఒక చానెల్ చెడిపోయిందని తేలితే మాత్రం రెండూ తీయక తప్పదు.

ఉష్ణోగ్రత మార్చుకునే ఐరన్, సన్నటి బిట్, 0.5 మిల్లీమీటర్ల 60/40 టంకం వైరు, ఎలక్ట్రానిక్స్‌కి పనికొచ్చే ఫ్లక్స్ (టంకం బాగా పట్టేలా చేసే పేస్టు), వేడికి తట్టుకునే కాప్టన్ టేపు, 36 గేజి ఎనామెల్ వైరు సిద్ధం చేసుకోండి. యాసిడ్ ఉండే ప్లంబింగ్ పేస్టు దగ్గరికి కూడా రానివ్వకండి, కొన్ని నెలల్లో రాగిని తినేస్తుంది.

బ్యాటరీ మళ్లీ తీసేశారని చూసుకోండి. నాలుగు తీగ ముక్కలు కోసి, రెండు కొసలా ఎనామెల్ గీకి టంకం పట్టించండి. అవి నాలుగైదు సెంటీమీటర్లు మించకపోతే మంచిది. రెసిస్టెన్స్ భయం లేదు, ఆ గేజిలో 10 సెంటీమీటర్లకి 0.06 ఓమ్ మాత్రమే. పొడుగు తీగ మూసేటప్పుడు నలుగుతుందనే పొట్టిగా ఉంచడం. ముందు కొత్త కెపాసిటర్లకి తీగలు వేసి, ప్లస్ తీగకి ఎర్ర రంగు పూయండి. తర్వాత పాత కెపాసిటర్ చివర ఫ్లక్స్ చుక్క పెట్టి, ఐరన్‌ని 340 డిగ్రీల దగ్గర ఉంచి, తీగ ఆనించి రెండు మూడు సెకన్లలో పని ముగించండి. పట్టకపోతే ఐరన్‌ని అక్కడే ఉంచకుండా తీసేసి, చల్లారనిచ్చి, మళ్లీ ఫ్లక్స్ వేయండి.

చుట్టుపక్కల భాగాలని కాప్టన్ టేపుతో కప్పే ఐరన్ ఎత్తండి. అంతా అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఫ్లక్స్ కడిగి, కెపాసిటర్ల కింద ఒక పొర, పైన ఒక పొర టేపు వేసి ఖాళీలో కూర్చోబెట్టండి. తీగల్ని కూడా టేపుతో అంటించండి. టంకం వేసిన చోట లాగుడు పడకూడదు.

మూసే ముందు

బ్యాటరీ పెట్టకముందే ఎడమకీ కుడికీ మధ్య, ఒక్కో చానెల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య షార్ట్ లేదని మీటర్‌తో చూడండి. బ్యాటరీ పెట్టాక 33 ఓమ్‌ల లోడ్ మీద డీసీ కొలవండి. ఆన్ చేసిన క్షణంలో మీటర్ ఎగిరినా, కొద్ది సెకన్లలో 10 మిల్లీవోల్టుల లోపుకి దిగి నిలబడాలి. వందల మిల్లీవోల్టుల్లో ఆగిపోతే కెపాసిటర్ లీక్ అవుతోంది లేదా తిరగబడింది. వెంటనే ఆపేయండి. లోడ్ లేకుండా కొలిస్తే మంచి కెపాసిటర్ కూడా కాస్త ఎక్కువ చూపుతుంది, దానికి కంగారుపడొద్దు.

డీసీ సరిగ్గా ఉంటే పాత టోన్లే, పాత వాల్యూమ్‌లోనే మళ్లీ వాయించండి. ముందు 100కి 64 వచ్చిన చోట ఇప్పుడు 98 ప్రాంతంలో రావాలి. రెండు చానెళ్ల మధ్య తేడా అర డెసిబెల్‌లోపు, అంటే వోల్టేజీలో 5 శాతంలోపు ఉండాలి. కెపాసిటర్ల విలువలో 20 శాతం దాకా ఎచ్చుతగ్గులు మామూలే అయినా, కట్ఆఫ్ ఇంత కిందికి దిగాక ఆ తేడా చెవికి అందదు. ఆ తర్వాత పోయినా బాధలేని ఇయర్‌ఫోన్‌తో విని, చివరికి మంచి హెడ్‌ఫోన్ పెట్టండి.

వినేటప్పుడు "దడదడ" ఎదురుచూడకండి. ముఖ్యంగా పెరిగేది 80 హెర్ట్జ్ కింద ఉన్నది. మృదంగం ఎడమ వైపు మోత దెబ్బ తర్వాత కాసేపు నిలబడుతుంది, బేస్ గిటార్ కిందికి దిగినప్పుడు మాయమవకుండా చివరిదాకా నడుస్తుంది, డప్పు దెబ్బకి వెనక బరువు తెలుస్తుంది. గొంతులు మాత్రం అలాగే ఉంటాయి. బేస్ బూస్ట్‌కీ దీనికీ తేడా ఇక్కడే. 41 హెర్ట్జ్ దగ్గర పోయిన 8 డెసిబెల్స్‌ని ఈక్వలైజర్‌తో పూడ్చాలంటే ఆ స్వరాన్ని సుమారు 2.5 రెట్లు పెంచాలి. ఇప్పటి రికార్డింగులు ముందే నిండా నింపి ఉంటాయి కాబట్టి అంత చోటు ఉండదు, శిఖరాలు తెగి పాట చిట్లుతుంది.

తెరవడం ఇష్టం లేకపోతే

రెండు దారులున్నాయి. మినీ కింద ఉన్న 30 పిన్నుల డాక్ సాకెట్‌లో లైన్ అవుట్ (యాంప్లిఫయర్‌కి ధ్వనిని అందించే దారి) ఉంది: 2వ పిన్ను ఆడియో గ్రౌండ్, 3 కుడి, 4 ఎడమ. అక్కడి నుంచి చిన్న పోర్టబుల్ యాంప్లిఫయర్‌కి కలిపితే హెడ్‌ఫోన్ జాక్ ముందున్న కెపాసిటర్ల గొడవే ఉండదు. యాంప్లిఫయర్ ఇన్‌పుట్ 10,000 ఓమ్‌లు అనుకుంటే, ఒక్క మైక్రోఫారడ్ కెపాసిటర్‌తోనే కట్ఆఫ్ 16 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. జేబులో రెండు పెట్టెలు మోయడం ఒక్కటే ఇబ్బంది.

రెండోది రాక్‌బాక్స్. ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ మినీ మీద పనిచేస్తుంది. దాని ఈక్వలైజర్‌లో ప్రీకట్ అనే అమరిక ఉంది. ముందు మొత్తం ధ్వనిని 6 నుంచి 8 డెసిబెల్స్ తగ్గించి, ఆ ఖాళీలో లో షెల్ఫ్‌ని (కింది ఫ్రీక్వెన్సీలన్నిటినీ కలిపి పెంచే అమరికని) మీ కట్ఆఫ్ దగ్గర అంతే పెంచితే పాట చిట్లకుండా బేస్ పైకి వస్తుంది. వాల్యూమ్ తగ్గుతుంది, హెడ్‌ఫోన్ మార్చినప్పుడల్లా అమరిక మార్చాలి. అయినా పాత ప్లేయర్ మీద ఐరన్ పెట్టడానికి చేయి రానివాళ్లకి ఇది మంచి దారి.

సోల్డరింగ్ చేసినవాళ్లకి ఒక కొత్త అలవాటు అవసరమవుతుంది. పెద్ద కెపాసిటర్ నిండేటప్పుడు హెడ్‌ఫోన్ గుండా పోయే కరెంటు ఎక్కువ కాబట్టి, ప్లేయర్ ఆన్ చేసినప్పుడు "టప్" శబ్దం ముందుకంటే గట్టిగా వస్తుంది. ముందు ప్లేయర్ ఆన్ చేసి, కొన్ని సెకన్లు ఆగి, అప్పుడు పిన్ను గుచ్చి, ఆ తర్వాతే హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకోండి. ఆపేటప్పుడు ముందు హెడ్‌ఫోన్ తీసేయండి.